అపరిచితుల మిఠాయి

1934 జూన్‌లో ఒక సాయంత్రం, కాలిఫోర్నియాలోని బ్యూయెనా పార్క్ అనే చిన్న ఊళ్ళో, కార్డీలియా నాట్ అనే ఆవిడ తన పెళ్ళినాటి పింగాణీ పళ్ళాలు బయటికి తీసి ఎనిమిది మందికి వేయించిన కోడితో భోజనం పెట్టింది. ఒక్కో భోజనం 65 సెంట్లు. మాంద్యం రోజులు. భర్త వాల్టర్ నాట్ పండించే బెర్రీ పళ్ళతోటే సంసారం గడవడం లేదు. రోడ్డు పక్కన వాళ్ళకో చిన్న టీ దుకాణం ఉండేది, అందులోనే ఈ భోజనాలు. ఆ ఎనిమిది కొన్నేళ్ళలోనే వందలై, వేలయ్యాయి. జనం గంటల తరబడి బయట నిలబడేవాళ్ళు. నిలబడ్డవాళ్ళకి కాలక్షేపం కావాలి కదా అని వాల్టర్ 1940లో అక్కడే పాత గనుల కాలం నాటి ఊరొకటి కట్టడం మొదలుపెట్టాడు. పేరు ఘోస్ట్ టౌన్. అంటే దెయ్యాల ఊరు కాదు, గనులు మూతపడ్డాక మనుషులు వదిలేసి పోయిన ఊరు. నిజంగా దెయ్యాలు రావడానికి ఇంకో 33 ఏళ్ళు పట్టింది.

అదే ఇవాళ్టి నాట్స్ బెర్రీ ఫామ్. 1968లో దానికి కంచె వేసి, లోపలికి వెళ్ళడానికి డబ్బులు తీసుకోవడం మొదలుపెట్టారు. 1973 అక్టోబర్‌లో మూడు రాత్రులపాటు సిబ్బంది భూతాల వేషాలు కట్టి, గని రైలులోనూ దుంగల పడవ సవారీలోనూ వచ్చినవాళ్ళని దడిపించారు. పేరు కొంచెం మార్చి నాట్స్ స్కేరీ ఫామ్ అన్నారు. ఇప్పుడు అమెరికాలో ఏ పెద్ద థీమ్ పార్కుకి వెళ్ళినా సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో ఈ తంతు ఉంటుంది. దాంతోపాటు ఆ రెండు నెలలకే పరిమితమైన తిండీ ఉంటుంది: గుమ్మడికాయ రుచి చుర్రోలు, కారమెల్ పూసిన ఆపిల్ పళ్ళు, ఊదా రంగు క్రీము, పుర్రె ఆకారంలో కప్పులు. యూనివర్సల్ ఆర్లాండో వాళ్ళ హాలోవీన్ రాత్రుల్లో పిజ్జా ఫ్రైస్‌కి అభిమాన సంఘం పెట్టొచ్చు, అంత పేరుంది. నాట్స్‌లో అయితే అన్నిట్లోనూ బాయిసన్‌బెర్రీ ఉండాల్సిందే.

దక్షిణ కాలిఫోర్నియాలో కొన్నేళ్ళుగా ఉంటున్నదాన్ని. ఈ తిండి నాకూ ఇష్టమే. కానీ ఆ మెనూ బోర్డుల ముందు నిలబడ్డప్పుడల్లా ఒక ప్రశ్న వస్తుంది. హాలోవీన్ తిండి అంటే ఒకప్పుడు గుమ్మంలో నిలబడి ఎవరో ఒకరు చేతిలో పెట్టేది. ఇప్పుడది గేటు దాటాక మనం కొనుక్కునేది. మధ్యలో ఏం జరిగింది?

*

చాలా వెనక్కి వెళ్ళాలి. మధ్యయుగాల ఇంగ్లండ్‌లో నవంబర్ మొదటి రెండు రోజులు సకల పునీతుల పండుగ, సకల ఆత్మల పండుగ. మన దగ్గర క్రైస్తవులు నవంబర్ 2న సమాధులకి పూలు పెట్టి కొవ్వొత్తులు వెలిగించేది కూడా ఈ పండక్కే. చనిపోయినవాళ్ళ ఆత్మలు నేరుగా పరలోకానికి పోవు, మధ్యలో ఉత్తరించు స్థలంలో ఆగుతాయి, బతికున్నవాళ్ళు చేసే ప్రార్థనలు వాటిని అక్కణ్ణించి గట్టెక్కిస్తాయి అని నమ్మకం. అంచేత ఆ రోజుల్లో పేదవాళ్ళు, పిల్లలు ఇంటింటికీ తిరిగి పాటలు పాడేవాళ్ళు. ఇంటివాళ్ళు సోల్ కేక్ అనే చిన్న రొట్టె ఇచ్చేవాళ్ళు. దానికి బదులుగా వచ్చినవాళ్ళు ఆ ఇంట్లో పోయినవాళ్ళ కోసం ప్రార్థన చెయ్యాలి.

బేరం ఎంత స్పష్టంగా ఉందో చూడండి. రొట్టె తినేది ఆకలితో ఉన్న పరాయివాడు. ఫలం దక్కేది కనిపించని మన మనిషికి. కడుపు ఒకరిది, మోక్షం ఇంకొకరిది. మధ్యవర్తి రొట్టె. ‘ది టూ జెంటిల్మెన్ ఆఫ్ వెరోనా’ నాటకంలో షేక్స్పియర్ ఈ పండక్కి దీనంగా అడుక్కునే బిచ్చగాణ్ణి ఒక పోలికగా వాడుకున్నాడు. ప్రేక్షకుడికి వివరణ అక్కర్లేనంత మామూలు దృశ్యమన్నమాట. ప్రొటెస్టెంట్ మతం వచ్చి ఉత్తరించు స్థలమే లేదు పొమ్మన్నాక కూడా ఇంగ్లండ్‌లోని చెషైర్, ష్రాప్‌షైర్ పల్లెల్లో ఈ అలవాటు 19వ శతాబ్దం దాకా నిలిచింది. సిద్ధాంతం పోయినా రొట్టె పోలేదు.

ఆ రొట్టెలో పడే దినుసులు దాల్చిన చెక్క, జాజికాయ, అల్లం పొడి లాంటివి. ఇవాళ పంప్‌కిన్ స్పైస్ పేరుతో కాఫీ దగ్గర్నించి పాప్‌కార్న్ దాకా పడేవీ అవే. దాల్చిన చెక్క సింహళం నుంచి, అల్లం మలబారు నుంచి, జాజికాయ బందా దీవుల నుంచి ఓడలెక్కి వెళ్ళేవి. అమెరికావాళ్ళు ‘శరదృతువు రుచి’ అనుకునేదాంట్లో ఆ దేశపు నేలలో పుట్టింది గుమ్మడికాయ ఒక్కటే.

ఇదంతా చదువుతుంటే తెలుగువాళ్ళకి రెండు విషయాలు గుర్తుకు రావాలి. ఒకటి మహాలయ పక్షం. తెలంగాణలో పెత్రమాస అంటారు. పోయినవాళ్ళ పేరు మీద బియ్యం, కూరగాయలు దానమిచ్చే రోజు, ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ. అక్కడా ఇంతే. పితృదేవతల ఆకలి తీరాలంటే బతికున్న పరాయి మనిషి తినాలి, లేదా కాకి తినాలి. రెండోది దసరా పప్పుబెల్లాలు. వీధిబడి రోజుల్లో పిల్లలు విల్లంబులు పట్టుకుని, అయ్యవారి వెంట ఇల్లిల్లూ తిరిగి పాటలు పాడేవాళ్ళు. అయ్యవారికి కాసిని డబ్బులు, పిల్లలకి పప్పూ బెల్లమూ. ఇంగ్లండ్ పిల్లలకీ మనవాళ్ళకీ ఒకరి సంగతి ఒకరికి తెలీదు. కానీ పంట చేతికొచ్చే వేళకి పిల్లలు గుమ్మంలోకొచ్చి పాడితే ఉత్త చేతుల్తో పంపకూడదు అన్న సంగతి ఇద్దరికీ తెలుసు.

*

అమెరికాకి ఈ పండుగ ప్రధానంగా ఐరిష్, స్కాటిష్ వలసదార్లతో వచ్చింది. 1840ల కరువులో ఐర్లండ్ నుంచి లక్షలమంది ఓడలెక్కారు. అక్కడ టర్నిప్ దుంపని తొలిచి దీపం పెట్టేవాళ్ళు. ఇక్కడ గుమ్మడికాయ దొరికింది, పెద్దది, తొలవడం తేలిక. అక్కడ బార్మ్‌బ్రాక్ అనే ఎండుద్రాక్ష రొట్టెలో ఉంగరం దాచేవాళ్ళు, ఎవరి ముక్కలో వస్తే వాళ్ళకి ఆ ఏడాది పెళ్ళి. ఆ సరదా మాత్రం సముద్రం దాటాక అంతగా నిలవలేదు. నిలిచింది అల్లరి. 20వ శతాబ్దం మొదట్లో అక్టోబర్ 31 రాత్రంటే అమెరికన్ ఊళ్ళకి హడల్. కుర్రాళ్ళు గేట్లు పీకడం, కిటికీలు పగలగొట్టడం, బళ్ళు పైకప్పులెక్కించడం. మిన్నెసోటాలోని అనోకా అనే ఊరు 1920లో ఈ కుర్రాళ్ళని దారి మళ్ళించడానికే హాలోవీన్ ఊరేగింపు పెట్టింది. 1930లలో చాలాచోట్ల పెద్దవాళ్ళు పార్టీలు, తినుబండారాలు ఏర్పాటు చేశారు. ట్రిక్ ఆర్ ట్రీట్ అనే మాట వ్యాపించింది ఆ రోజుల్లోనే. తిండి పెడతావా, ఆగం చెయ్యమంటావా అని. ఒకప్పుడు పోయినవాళ్ళ ఆత్మశాంతికి ఇచ్చిన రొట్టె, ఇప్పుడు కిటికీ అద్దాల శాంతికి ఇచ్చే మిఠాయి అయింది.

రెండో ప్రపంచ యుద్ధంలో పంచదార రేషన్. 1947లో రేషన్ ఎత్తేశాకే ఈ ఆనవాయితీ దేశమంతా కుదురుకుంది. అప్పటికీ పిల్లల సంచీల్లో పడేవి ఎక్కువ ఇంట్లో చేసినవే: బిస్కట్లు, బెల్లప్పాకం లాంటి పాకంతో కట్టిన పాప్‌కార్న్ ఉండలు, ఆపిల్ పళ్ళు, వేరుశనగలు, చిల్లర డబ్బులు. కంపెనీలు చిన్న సైజు చాక్లెట్లు అమ్మడం మొదలుపెట్టినా ఇంటి తిండి వెంటనే పోలేదు. దాన్ని పోగొట్టింది భయం.

*

1974 హాలోవీన్ రాత్రి టెక్సస్‌లోని డీర్ పార్క్ అనే ఊళ్ళో ఎనిమిదేళ్ళ పిల్లవాడు సైనైడ్ కలిపిన పొడి మిఠాయి తిని చనిపోయాడు. ఎవరో పరాయివాడు ఇచ్చిన మిఠాయి అని దేశమంతా వణికింది. ఇచ్చింది పరాయివాడు కాదు. బీమా డబ్బుల కోసం కన్నతండ్రే ఇచ్చాడని కోర్టులో రుజువైంది, 1984లో అతనికి మరణశిక్ష అమలైంది. 1982 సెప్టెంబర్ చివర్లో షికాగో ప్రాంతంలో ఎవరో దుకాణాల్లోని టైలెనాల్ గొట్టాల్లో సైనైడ్ నింపితే ఏడుగురు చనిపోయారు. నెల తిరిగేసరికి హాలోవీన్ వచ్చింది. ఇక తల్లిదండ్రులకి నిద్ర లేదు.

జోయెల్ బెస్ట్ అనే సామాజిక శాస్త్రవేత్త 1980లలో ఈ విషం కథలన్నిటి వెనకాలా పడ్డాడు. 1958 నుంచి పత్రికల్లో వచ్చిన వార్తలు తవ్వాడు. ఇల్లిల్లూ తిరిగే పిల్లలకి ముక్కూమొహం తెలీని మనిషి విషం పెట్టి చంపిన ఉదంతం ఒక్కటీ దొరకలేదన్నాడు. అయినా పుకారు ఆగలేదు. సంచీ కింద కుమ్మరించి, కాగితం చుట్టనిదల్లా పారేసే అలవాటు స్థిరపడింది. నాలుగిళ్ళవతల ఉండే ముసలావిడ చేసిన బిస్కట్ చెత్తబుట్టలోకి, ఎక్కడో ఫ్యాక్టరీలో సీలు వేసిన చాక్లెట్ నోట్లోకి. టైలెనాల్ ఫ్యాక్టరీ సరుకే కదా అని ఎవరూ అడగలేదు.

నాకు ఈ మొత్తం కథలో మలుపు ఇదే అనిపిస్తుంది. మొదట భయం బయట ఉండేది, చీకట్లో, పోయినవాళ్ళ చుట్టూ. తిండి ఆ భయానికి విరుగుడు. 1970లు, 80ల్లో భయం వచ్చి తిండిలోనే కూర్చుంది. విరుగుడే విషమైతే పండగ ఎక్కడ చేసుకోవాలి? ఎవరో ఒకరు కాపలా ఉన్నచోట. షాపింగ్ మాళ్ళలో, చర్చి పార్కింగ్ స్థలాల్లో కార్ల డిక్కీలు తెరిచి, ఆపైన థీమ్ పార్కుల్లో.

విషం భయమే పార్కుల్ని పుట్టించిందనడం లేదు. స్కేరీ ఫామ్ డీర్ పార్క్ ఘటనకి ఏడాది ముందే మొదలైంది. జనానికి అక్టోబర్ రాత్రుల్లో ఏదో ఒక సరదా చూపించి, ఖాళీగా ఉండే కాలంలో టిక్కెట్లు అమ్ముకోవడం దాని లెక్క. యూనివర్సల్ 1991లో ఆర్లాండోలో అదే దారి పట్టింది. కానీ పిల్లల కోసం డిస్నీ చేసింది చూస్తే విషయం తెలుస్తుంది. ఫ్లోరిడాలోని మ్యాజిక్ కింగ్‌డమ్‌లో 1995 అక్టోబర్ 31న ‘అంత భయంగా ఉండని’ హాలోవీన్ పార్టీ అని పేరు పెట్టి ఒక్క రాత్రి కార్యక్రమం చేశారు. ఇప్పుడది ఆగస్టులోనే మొదలై చాలా రాత్రులు నడుస్తుంది. టిక్కెట్ వంద డాలర్లు దాటింది. లోపల పిల్లలు సంచీలు పట్టుకుని ఒక మిఠాయి మజిలీ నుంచి ఇంకో మజిలీకి వరసలో వెళ్తారు. యూనిఫారం వేసుకున్న ఉద్యోగి దోసిళ్ళతో చాక్లెట్లు పోస్తాడు. వీధి ఉంది, చీకటి ఉంది, సంచీ ఉంది, మిఠాయి ఉంది. లేనిదల్లా ఇల్లు. ఆ ఇంట్లో మనకి తెలీని మనిషి.

*

పార్కు తిండిని వెక్కిరించడం తేలిక. నూనెలో వేగిన పిండి, దానిమీద ఇంత పంచదార, దానికో పుర్రె బొమ్మ, ధర రెట్టింపు. నాట్స్‌లో బఫే పేరుని కూడా బూ-ఫే అని మార్చారు. కానీ ఒక న్యాయం చెప్పుకోవాలి. అక్కడ రాత్రి పొగమంచు యంత్రాల మధ్య వణికి బయటపడ్డ పిల్లలు నలుగురూ కలిసి ఒకే ఫనెల్ కేక్ మీద పడి, బాయిసన్‌బెర్రీ పాకం వేళ్ళకంటుకుని నవ్వుకోవడం నేను చాలాసార్లు చూశాను. భయం తర్వాత తీపి తినడం పురాతనమైన సంగతే. అది అబద్ధం కాదు. మారిందల్లా అంతకుముందు మెట్టు. భయానికీ మనమే డబ్బులిస్తున్నాం, తీపికీ మనమే ఇస్తున్నాం. ఎవరూ ఎవరికీ రుణపడటం లేదు.

ఆ బాయిసన్‌బెర్రీ కథ వింటే ఇంకొంచెం గుచ్చుకుంటుంది. రుడాల్ఫ్ బాయిసన్ అనే ఆయన రకరకాల బెర్రీలని కలిపి ఆ తీగని పుట్టించి, కాపు సరిగా రాక వదిలేశాడు. వ్యవసాయ శాఖకి చెందిన జార్జ్ డారో, వాల్టర్ నాట్ కలిసి వెతుక్కుంటూ వెళ్తే పాత పొలంలో కలుపు మొక్కల మధ్య చావుకి సిద్ధంగా కనిపించింది. వాల్టర్ దాన్ని తన పొలానికి తెచ్చి బతికించి, పేరు మాత్రం పుట్టించినవాడిదే పెట్టాడు. ఎవరో వదిలేసినదాన్ని ఇంకెవరో బతికించి పదిమందికీ పంచిన పండు అది. మొన్నమొన్నటిదాకా నాట్స్ పేరుతో దుకాణాల్లో దొరికిన జామ్ వేరే కంపెనీది. ఆ వ్యాపారం 1995లోనే చేతులు మారింది. పార్కు 1997లో మారింది. కార్డీలియా పేరుతో ఉన్న కోడి భోజనశాల మాత్రం ఇప్పటికీ పార్కు గేటుకి బయటే ఉంది. అక్కడ తినడానికి టిక్కెట్టు అక్కర్లేదు.

ఈ మధ్య హైదరాబాద్ గేటెడ్ కమ్యూనిటీల్లోనూ పిల్లలు మంత్రగత్తె టోపీలు పెట్టుకుని చాక్లెట్లకి తిరుగుతున్నారు. ఇది మన సంస్కృతేనా అని బంధువుల వాట్సాప్ గ్రూపుల్లో ఏటా గొడవ. నాకు ఆ ప్రశ్న మీద ఆసక్తి లేదు. పిల్లలు తలుపు తట్టి తీపి అడగడం మనకి కొత్తా కాదు, పరాయీ కాదు. నేను అడిగేది వేరే. ఆ గేటు బయట, వాచ్‌మన్ గదిలో కూడా ఇద్దరు పిల్లలుంటారు కదా, వాళ్ళు కూడా తట్టొచ్చా? సోల్ కేక్ పుట్టిందే వాళ్ళ కోసం. పప్పుబెల్లాలు కూడా ఏ పిల్లవాడు ఎవరి కొడుకని అడిగి పెట్టినవి కావు.