పక్కవాద్యకారుని స్మృతి: స్టీలు గిటారు చరిత్రలో ఒక అధ్యాయము

గాయకుడు మరణించినప్పుడు దేశమంతయు దుఃఖించును. పక్కవాద్యకారుడు మరణించినప్పుడు తోటి వాద్యకారులు మాత్రమే దుఃఖింతురు. ఈ భేదము లోకసహజమే యైనను, సంగీతచరిత్రను వ్రాయబూనిన వారికి దీనివలన ఒక చిక్కు కలుగుచున్నది. అమెరికాదేశపు కంట్రీ సంగీతమున మిక్కిలి ప్రసిద్ధుడైన హాంక్ విలియమ్సు 1953 జనవరి 1వ తేదీన మరణించెను. అలబామా రాష్ట్రమందలి మాంట్గోమరీ నగరమున జరిగిన ఆయన అంత్యక్రియలకు వేలకొలది జనులు తరలివచ్చిరి. ఆయన పాటలలో పెక్కింటికి స్టీలు గిటారు వాయించిన డాన్ హెల్మ్సు మరి యేబదియైదేండ్లు జీవించి 2008లో గతించెను. ఆ పాటలను విన్నవారందరును హెల్మ్సు వాద్యమును విన్నవారే. కాని ఆ ధ్వని యెవరిదని అడిగిన చెప్పగలవారు స్వల్పసంఖ్యాకులు. ఇట్టి కళాకారుల చరిత్ర ఎచ్చట నిలిచియుండును? వారి తోటి వాద్యకారుల స్మృతియందు నిలిచియుండునని నా అభిప్రాయము. ఆ స్మృతి స్తుతివాక్యముల రూపముననే గాక, వాద్యనిర్మాణమునందును శ్రుతి కూర్పునందును కూడ నిలిచియున్నదని 2015లో మరణించిన బడ్డీ ఎమన్సు చరిత్రను ఆధారముగా గొని ఈ వ్యాసమున నిరూపింప యత్నింతును.

ముందుగా ఆ వాద్యస్వరూపమును గూర్చి కొంత తెలిసికొనవలెను. సామాన్యమైన గిటారులో వాదకుడు ఎడమచేతి వ్రేళ్లతో తంత్రులను మెట్లపై అదిమి స్వరమును పలికించును. స్టీలు గిటారులో అట్లు అదుముట లేదు. వాద్యమును ఒడిలోగాని పీఠముపైగాని వెల్లకిలగా నుంచి, ఉక్కు కడ్డీని తంత్రులపై జరుపుచు వాయింతురు. మన గోటువాద్యమును ఎరిగినవారికి ఈ పద్ధతి క్రొత్త గాదు. స్వరమునుండి స్వరమునకు తెగక జారిపోవుట రెండింటికిని సామాన్యధర్మము. కావుననే ఈ గిటారు మన దేశమునకు వచ్చినప్పుడు బ్రిజ్ భూషణ్ కాబ్రా (1937-2018) వంటి విద్వాంసుని చేతిలో హిందుస్తానీ రాగాలాపనకు చక్కగా ఒదిగినది.

ఈ వాదనపద్ధతి పుట్టినది హవాయి ద్వీపములయందు. దానికి ఆద్యుడుగా వాద్యకారులు తలచుకొనువాడు జోసెఫ్ కెకుకు. ఆయన 1874లో ఓఆహూ ద్వీపమందలి లాయియే గ్రామమున జన్మించెను. విద్యార్థిదశయందే, 1880-90 నడుమ, తంత్రులపై లోహఖండమును జరిపి వాయించుటను సాధనచేసినట్లు చెప్పుదురు. 1904లో స్వదేశమును వీడి అమెరికాకు పోయెను. 1919 తరువాత కొన్ని యేండ్లు యూరపులో సంచరించెను. 1932లో న్యూజెర్సీ రాష్ట్రమున మరణించెను. ఆయన సమాధి పుట్టిన ద్వీపమునకు వేల మైళ్ల దూరమున, ఆ రాష్ట్రమందలి డోవర్ పట్టణమున నున్నది. సెయింట్ లూయిస్ నగరమున ఏటేట జరుగుచుండిన స్టీలు గిటారు సమ్మేళనమువారు తమ కీర్తిమందిరమున ఆయన పేరు చేర్చినది 1993లో. లాయియేలో ఆయన విగ్రహము వెలసినది 2015లో. అనగా లోకము గుర్తించుటకు అరువదియేండ్లకు పైగా పట్టినది. ఈ నడిమికాలమున ఆ పేరును కాపాడినవారు వాద్యకారులే.

కెకుకు అమెరికాకు వెళ్లిన పిమ్మట ఈ వాద్యము అచ్చట త్వరితముగా వ్యాపించెను. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన ప్రదర్శనమువలన హవాయి సంగీతముపై అమెరికనులకు మోజు హెచ్చినది. 1930 తరువాత రికన్‌బాకర్ సంస్థవారు విద్యుచ్ఛక్తితో పనిచేయు గిటారును అమ్మకమునకు తెచ్చిరి. అదియును ఒడిలో నుంచి వాయించు స్టీలు గిటారే. ఇది యిట్లు పెరుగుచుండగా, దానికి సహజమైన లోపమొకటి వాద్యకారులను బాధింపసాగెను. తిన్నని కడ్డీ తంత్రులన్నింటిని ఒకే మేర జరుపును గాని వేరువేరు మేరల జరుపలేదు. కావున శ్రుతి చేసికొన్న స్వరసమూహమే పైకిని క్రిందికిని పోవును. దాని లోపలి సంబంధము మారదు. ఈ లోపమును తీర్చుటకు వచ్చినవే కాలి మీటలు, అనగా పెడలులు. పాదముతో త్రొక్కినంతనే మీట తంత్రిని బిగించి శ్రుతి హెచ్చించును. 1954లో వెలువడిన వెబ్ పియర్సు పాట ‘స్లోలీ’యందు బడ్ ఐజాక్సు, తంత్రులు మ్రోగుచుండగనే మీటను త్రొక్కి స్వరములను మార్చెను. ఆ ధ్వనిని విన్న వాద్యకారులు పలువురు తమ వాద్యములకు మీటలు అమర్చుకొనిరి.

ఆ తరమునకు చెందినవాడే బడ్డీ ఎమన్సు. ఆయన 1937 జనవరి 27న ఇండియానా రాష్ట్రమందలి మిషావాకా పట్టణమున జన్మించెను. పదునొకండేండ్ల వయస్సున తండ్రి ఆయనకు ఆరు తంత్రుల స్టీలు గిటారును కొనియిచ్చెను. సమీపమందలి సౌత్ బెండు నగరమున హవాయి సంగీతపాఠశాలలో కొంతకాలము శిక్షణ పొందెను. 1955లో, పదునెనిమిదేండ్ల ప్రాయమున, నాష్‌విల్ నగరమునకు చేరి లిటిల్ జిమ్మీ డికెన్సు మేళమున కుదిరెను. పిమ్మట ఎర్నెస్టు టబ్, రే ప్రైసు అను గాయకుల మేళములలో వాయించెను. 1963లో ఆయన పేరిట వెలువడిన ‘స్టీల్ గిటార్ జాజ్’ ఆ వాద్యమును జాజ్ సంగీతమున ప్రధానస్థానమునకు తెచ్చెను. 1968లో జూడీ కాలిన్సు పాడిన ‘సమ్‌డే సూన్’ అను పాటను విన్న యువజనులు ఆయన పేరు ఎరుగకయే ఆయన వాద్యమును ప్రేమించిరి. పక్కవాద్యకారుని భాగ్యమును దౌర్భాగ్యమును ఇదియే.

ఆయన ప్రజ్ఞ వాదనముతో ఆగలేదు. షాట్ జాక్సన్‌తో గూడి షో-బడ్ అను వాద్యనిర్మాణసంస్థను నెలకొల్పెను. 1963 ప్రాంతమున తన పేరిటనే మరియొక సంస్థను స్థాపించెను. అయినను ఆయన ముఖ్యమైన సంస్కారము 1957 ప్రాంతమున జరిగినది. దానిని మన సంగీతపరిభాషలో వివరించిన సుబోధమగును. స్టీలు గిటారు తంత్రులు స, గ, ప అను స్వరసమూహమునకు శ్రుతిచేయబడి యున్నవనుకొందము. ఐజాక్సు మీటను త్రొక్కగా గాంధారము మధ్యమముగాను, పంచమము ధైవతముగాను ఏకకాలమున మారి స, మ, ధ అను సమూహ మేర్పడును. ఎమన్సు ఈ యొక్క మీట చేయు పనిని రెండు మీటలకు పంచెను. ఒకటి పంచమమును మాత్రమే ధైవతమునకు చేర్చును. రెండవది గాంధారమును మాత్రమే మధ్యమమునకు చేర్చును. చూచుటకు ఇది స్వల్పమైన మార్పు. కాని దీనివలన ఒక్కొక్క స్వరము వేరుగా కదలి, తక్కిన స్వరములు నిలుకడగా నుండుట సాధ్యమైనది. ఒకటి త్రొక్కి, రెండవది త్రొక్కి, రెండును కలిపి త్రొక్కి, మరల విడిచి, కడ్డీని కదల్పకయే నాలుగు స్వరసమూహములను పలికింపవచ్చును. 1962 ప్రాంతమున ఆయన పైన మరి రెండు తంత్రులను చేర్చెను. అవి రిషభ నిషాదములను అందించునట్టివి. నేడు వాడుకలోనున్న పది తంత్రుల కూర్పు ఇట్లు సిద్ధమైనది.

ఇచ్చట గమనింపదగిన విశేష మొకటి కలదు. ఈ మీటల వరుస రెండు విధములుగా నుండును. ఎడమనుండి కుడికి అ, బ, స అను క్రమమున నున్నది ఎమన్సు కూర్పు. దానికి విలోమముగా స, బ, అ అను క్రమమున నున్నది డే కూర్పు. రెండవది ఎమన్సునకు సమకాలికుడైన జిమ్మీ డే (1934-1999) పేరిటిది. క్రొత్తవాద్యమును చేయించుకొను విద్యార్థి నిర్మాతతో మొదట చెప్పవలసిన మాట ఈ రెంటిలో ఏది కావలెనన్నది. ఈ విధముగా గతించిన ఇరువురు వాద్యకారుల పేర్లు ఒక వృత్తియొక్క నిత్యవ్యవహారమున పలుకబడుచున్నవి. శిలాఫలకమునందలి పేరు చదువరి వచ్చినప్పుడే పలుకును. ఈ పేరు వాద్యము పుట్టినప్పుడెల్ల పలుకుచున్నది.

ఎమన్సు చరమజీవితము దుఃఖభరితము. 2001లో చేతికి కలిగిన బాధవలన కొంతకాలము వాదనమును మానవలసివచ్చెను. 2007 డిసెంబరులో భార్య మరణించిన పిమ్మట ఆయన వాద్యమును దాదాపుగా విడిచెను. మనిషి యుండగనే ధ్వని నిలిచిపోయినది. తోటివారి శోకము అప్పుడే ఆరంభమైనదని చెప్పవచ్చును. 2013లో స్టీవ్ ఫిషెల్ అను స్టీలు గిటారు విద్వాంసుడు ఎమన్సు గౌరవార్థము ఒక ఆల్బమును సిద్ధపరచెను. విల్లీ నెల్సన్, ఎమీలూ హారిస్, విన్స్ గిల్ మున్నగు గాయకులు అందు పాలుపంచుకొనిరి. తొంబదియేండ్లు దాటిన డికెన్సు కూడ, 1955లో తనవద్దకు వచ్చిన బాలుని స్మరించుచు పాడెను. స్టీలు గిటారు వాద్యకారులు పలువురు ఒక్కొక్క పాటకు ఒక్కొక్కరుగా వాయించిరి. 2015 జనవరిలో డికెన్సు మరణించెను. అదే సంవత్సరము జూలై 21న ఎమన్సు తన డెబ్బదియెనిమిదవ యేట గతించెను.

ఆ ఆల్బమునందలి శోకరీతిని పరిశీలింపుడు. వృద్ధకవి మరణించినప్పుడు శిష్యుడు చరమపద్యమును చెప్పును. ఆ పద్యము శిష్యుని సొంత పలుకు. కాని ఈ వాద్యకారుడు నివాళి ఘటింపబూనగా, త్రొక్కు మీటలు ఎమన్సు విడదీసినవి. మీటు పై తంత్రులు ఎమన్సు చేర్చినవి. ఆయనను స్మరింపకుండ ఆ వాద్యమును వాయించుట ఎట్లు? దుఃఖించువాని భాషయే దివంగతుడు కూర్చిన భాష. కంట్రీ సంగీతమున ఈ వాద్యపు జారుధ్వనిని శ్రోతలు రోదనముతో పోల్చుట పరిపాటి. ఆ రోదనమునకు వలసిన స్వరగతిని కూర్చినవారిలో ముఖ్యునికొరకు అదే స్వరగతితో రోదించుట ఇచ్చట జరిగినది.

స్మృతి ఇంకొక విధముగాను నిలుచును. ఓహాయో రాష్ట్రమున 1920లో జన్మించిన జెర్రీ బర్డు కాలి మీటలను అంగీకరింపక, కడ్డీతోనే తన కళను పరాకాష్ఠకు చేర్చెను. 1978లో కీర్తిమందిరమున తొలుత చేరినవాడు ఆయనయే. 1972లో ఆయన హొనొలూలూకు వలసపోయెను. అప్పటికి హవాయిలో స్టీలు గిటారు క్షీణదశలో నుండెను. అచ్చట పుట్టిన విద్యను బర్డు అచ్చటి యువకులకే మరల నేర్పెను. అలన్ అకాకా వంటివారు ఆయన శిష్యులు. 2005లో బర్డు ఆ ద్వీపముననే మరణించెను. కెకుకు హవాయినుండి కొనిపోయిన దానిని బర్డు హవాయికి తిరిగి తెచ్చెననవచ్చును. ఎమన్సు స్మృతి వాద్యాంగములలో నున్నది. బర్డు స్మృతి శిష్యుల చేతులలో నున్నది.

అయినను వాద్యకారుల స్మృతిని చరిత్రకారుడు యథాతథముగా స్వీకరింపరాదు. స్మృతికి ఒక పేరు చాలును; చరిత్రకు చాలదు. హవాయిలో ఈ పద్ధతికి ఆద్యులుగా జేమ్సు హోవా, గేబ్రియల్ డేవియన్ అను పేర్లును వినబడుచున్నవి. వీరిలో డేవియన్ భారతదేశమున జన్మించినవాడని ఒక వాదము కలదు. కెకుకు పక్షము బలపడుటకు ఆయన దేశదేశముల సంచరించి శిష్యపరంపరను పెంచుటయు ఒక కారణమై యుండవచ్చును. అట్లే మీటల చరిత్రయందు ఐజాక్సు లేక ఎమన్సు లేడు; ఎమన్సు ప్రక్కన డే యున్నాడు. శోకము ఒక్కని ముఖమును వెలిగించునప్పుడు ప్రక్కనున్న ముఖములు మరుగుపడును. ఆ మరుగును తొలగించుట పరిశోధకుని విధి.

మన ప్రాంతపు సంగీతచరిత్రను పరిశోధించు విద్యార్థులకును ఇందు గ్రహింపదగినది కలదు. మన హరికథలకు, నాటకములకు, కచేరీలకు హార్మోనియము, ఫిడేలు, మృదంగము వాయించినవారిలో ఎందరి పేర్లు గ్రంథములకు ఎక్కినవి? కరపత్రములయందును గ్రామఫోను పలకలపైనను ప్రధానగాయకుని పేరే కన్పట్టును. అట్టివారి చరిత్రను వెదకుటకు వారి తోటివారి యొద్దకు పోవలెను. వారేమి చెప్పుదురో విని యూరకుండక, వారు వాద్యమును ఎట్లు పట్టుదురో, ఎట్లు శ్రుతిచేయుదురో, ఏ పద్ధతిని ఎవరి పేరిట వ్యవహరింతురో గమనింపవలెను. వృద్ధవాద్యకారులు ఒకరొకరుగా గతించుచున్నారు గనుక ఈ పనికి కాలయాపన తగదు. ఎమన్సు పేరు మీటల వరుసకు అంటుకొని నిలిచినది. మనలో అట్లు నిలిచిన పేర్లు ఎన్నియో వాడుకలో నుండవచ్చును. అవి మనుష్యుల పేర్లని ఎరిగినవారు ఉండగనే వాటిని వ్రాసికొనవలసియున్నది.