బస్సు డిపోలో స్పిట్‌ఫైర్లు

సాల్స్‌బరీ అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది చర్చి శిఖరం. 123 మీటర్లు. ఇంగ్లండ్‌లో అంతకంటే ఎత్తయిన చర్చి శిఖరం ఇంకోటి లేదు. దాని చుట్టుపక్కల వీధుల్లోనే ఒకప్పుడు యుద్ధవిమానాలు తయారయ్యాయంటే నమ్మబుద్ధి కాదు. ఆ ఊరివాళ్ళలోనే చాలామందికి దశాబ్దాలపాటు తెలీదు మరి.

స్పిట్‌ఫైర్ తయారుచేసే సూపర్‌మెరీన్ ఫ్యాక్టరీ సౌతాంప్టన్‌లో, వూల్‌స్టన్‌లో ఉండేది. 1940 సెప్టెంబరు 24న, మళ్ళీ 26న జర్మన్ విమానాలు దానిమీద బాంబులు కురిపించాయి. వందమందికి పైగా పోయారు. విమానాల ఉత్పత్తి మంత్రి బీవర్‌బ్రూక్ దాన్ని తిరిగి కట్టమనలేదు. పనిని ముక్కలు చేసి ఊళ్ళకి పంచేయమన్నాడు: సాల్స్‌బరీ, ట్రౌబ్రిడ్జ్, రెడింగ్, న్యూబరీ. ఒకచోట బాంబు పడ్డా మిగతాచోట్ల పని ఆగదు.

సాల్స్‌బరీలో బస్సు డిపో, కార్ల గ్యారేజీలు స్వాధీనం చేసుకున్నారు. ఒక షెడ్డులో రెక్కలు, ఇంకోదాంట్లో మొండెం. వాటిని పొడవాటి లారీలమీద హై పోస్ట్, చాటిస్ హిల్ మైదానాలకి తీసుకెళ్ళి బిగించేవాళ్ళు. ఆ తర్వాత ఎగిరిపోవడమే.

పనివాళ్ళలో ఎక్కువమంది ఆడపిల్లలు. అంతకుముందు రివెట్ అంటే ఏంటో తెలీనివాళ్ళు. రివెట్ కొట్టడానికి ఇద్దరు కావాలి. బయట ఒకరు గన్ను పట్టుకుంటే, లోపల ఒకరు ఇనప దిమ్మ ఆనించి కూచోవాలి. ఇరుకు చోటు కాబట్టి సన్నగా, పొట్టిగా ఉన్న పిల్లని లోపలికి పంపేవారు. ఆ రేకు డబ్బాలో మోత ఎలా ఉండేదో ఊహించుకోండి. ఇంటికెళ్ళాక చెవుల్లో ఆ హోరు ఎందుకో అమ్మకి కూడా చెప్పకూడదు.

మనకీ ఇందులో ఓ పోగు ఉంది. ఆ 1940లోనే, పక్క జిల్లా డోర్సెట్‌లోని వార్మ్‌వెల్ నుంచి స్పిట్‌ఫైర్లు నడిపిన 152వ స్క్వాడ్రన్ పేరు 'హైదరాబాద్' స్క్వాడ్రన్. నిజాం ఇచ్చిన డబ్బుకి కృతజ్ఞతగా ఆ పేరు. దాని చిహ్నం మీద నిజాం తలపాగా ఉంటుంది. ఆ డబ్బు ఎవరి పొలాల పన్నో ఆ చిహ్నం చెప్పదనుకోండి, అది వేరే వ్యాసం.

గోడలకి చెవులుంటాయన్న భయం యుద్ధంతోనే పోవాలి. కానీ 1945 తర్వాత "ఇక చెప్పుకోవచ్చు" అని వాళ్ళ గుమ్మంలోకి వచ్చి చెప్పిందెవరు? మగవాళ్ళకి పతకాలున్నాయి, కథలున్నాయి. వీళ్ళు పెళ్ళిళ్ళు చేసుకుని, పిల్లల్ని పెంచుకుని, నోరు మెదపకుండా ఉండిపోయారు. స్థానిక చరిత్రకారులు తలుపులు తట్టాక, 'సీక్రెట్ స్పిట్‌ఫైర్స్' డాక్యుమెంటరీ తీశాక గానీ గొంతులు బయటికి రాలేదు. అప్పటికి ఆ అమ్మాయిలు ముత్తవ్వలు. సాల్స్‌బరీ, ఆ చుట్టుపక్కల కలిపి రెండువేలకి పైగా విమానాలు తయారయ్యాయని అప్పుడు లెక్క తేలింది.

2021లో కాసిల్ రోడ్డులో, ఒకప్పటి ఫ్యాక్టరీకి దగ్గర్లో, నిలువెత్తు స్పిట్‌ఫైర్ నమూనా పెట్టారు. ఫైబర్‌గ్లాస్‌ది. ఒక్క రివెట్ కూడా కొట్టక్కర్లేదు.