రెండు నిశ్శబ్దములు

రోల్స్ రాయిస్ కంపెనీవారు తమ కార్లకు దయ్యముల పేర్లు పెట్టుట చాలకాలముగా వచ్చుచున్న వింత. వెనుకటి కారు సిల్వర్ గోస్ట్, అనగా వెండి దయ్యము. 2023లో కొన్నవారి చేతికందిన విద్యుత్ కారు పేరు స్పెక్టర్, అదియు దయ్యమే. రెండును చప్పుడు చేయని బండ్లని పేరుపొందినవి. అయితే ఈ రెండు నిశ్శబ్దములును ఒక జాతివి కావని మా అభిప్రాయము.

కంపెనీ వ్యవహారములు నడపిన క్లాడ్ జాన్సన్ 1907లో తమ 40/50 అశ్వశక్తుల కారొకదానికి వెండిరంగు వేయించి ఆ పేరు పెట్టినాడు. దానికి ఆరు సిలిండర్లు, ఏడు లీటర్ల ఇంజను. లోపల పెట్రోలు మండుచునే ఉండును. కాని ఆ సందడి కూర్చున్నవారికి వినరాదు. ఇందులో మంత్రమేమియు లేదు. హెన్రీ రాయిస్ క్రాంక్ షాఫ్టును మిక్కిలి లావుగా చేయించి, ఏడు బేరింగులమీద నిలిపి, ఒత్తిడితో నూనె అందునట్లు అమర్చినాడు. అదరని వస్తువు మ్రోగదు గదా!

ఆ ఏడే రాయల్ ఆటోమొబైల్ క్లబ్బు పర్యవేక్షణలో ఆ కారు లండను, గ్లాస్గోల నడుమ మాటిమాటికి తిరిగి 15,000 మైళ్ల పరీక్ష పూర్తిచేసినది. 629 మైళ్ల వద్ద కుదుపులకు పెట్రోలు కుళాయి మూసుకొనిపోయి ఒకసారి ఆగినది. పరీక్ష ముగిసిన పిమ్మట విప్పి చూచి, అరిగిన భాగములు మార్చుటకైన వెల 2 పౌనుల 2 షిల్లింగుల 7 పెన్నీలు. వెండిరంగుకన్న ఈ లెక్కయే మాకు ముచ్చట.

హైదరాబాదువారికి ఈ కారు క్రొత్తది కాదు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను కోరి చేయించుకొన్న పసుపుపచ్చ సిల్వర్ గోస్ట్, ఆయన 1911లో కన్నుమూసిన తరువాతనే వచ్చినది. వెనుక సీటు సింహాసనమువలె ఎత్తుగా అమర్చిన ఆ బండిని ఏడవ నిజాము ఉత్సవములకు వాడినాడు. దూరప్రయాణమునకు పుట్టిన యంత్రమునకు అంబారీ ఏనుగు పని!

ఇక స్పెక్టర్ సంగతి. రెండు మోటార్లు; బరువు 2,900 కిలోలకు దగ్గర, అందులో బ్యాటరీయే సుమారు 700 కిలోలు. ఇందులో మంటయే లేదు. అణచవలసిన ఇంజను చప్పుడును లేదు. కంపెనీ స్థాపకులలో ఒకడైన చార్లెస్ రోల్స్ 1900లోనే విద్యుత్ కారు నిశ్శబ్దమును, శుభ్రతను మెచ్చుకొని, చార్జింగు స్థావరములు లేనిదే అది సాగదని చెప్పియుండెను. ఆయన కోరినది వచ్చుటకు నూరేండ్లు దాటినది.

ఆ వెండి కారు నూరేండ్లు నిండిన తరువాతను రోడ్డుమీద నడచినది. భాగము విరిగినచో కొలతలు తీసి లేతుమీద మరల చేయించవచ్చును. బ్యాటరీలో తరిగిన సత్తువను ఏ లేతు తెచ్చిపెట్టును? దాని కంప్యూటరుకు పాఠము చెప్పగల మెకానిక్కు 2123లో ఎక్కడ దొరకును?

ఇంత చెప్పియు, రేపు ఊరికి పోవుటకు ఏది కావలెనని అడిగినచో మేము స్పెక్టరే కోరుదుము. సిల్వర్ గోస్టుకు చాలకాలము వెనుక చక్రములకే బ్రేకులు. ముందు చక్రములకు 1924లో గాని రాలేదు. తెల్లవారుజామున వానలో నిలబడి హ్యాండిలు త్రిప్పు ఓపికయు మాకు లేదు.