పులికాట్ రోడ్డు మీద ఉడికిన హెరాల్డ్

2023 జులై 14, జుమా రోజు. సూళ్లూరుపేటలో నమాజ్ కాగానే మా మామూ తన పాత స్టాండర్డ్ హెరాల్డ్‌ను షెడ్డులోంచి బయటికి తీయించాడు. మధ్యాహ్నం 2 గంటల 35 నిమిషాలకు శ్రీహరికోట నుంచి చంద్రయాన్-3 లేస్తుంది. "నా కారులో తీసుకుపోతే వస్తా, లేకపోతే టీవీలో చూస్తా" అని మామూ జిద్ద్. మామూకి డెబ్బై ఏళ్ళు. మా అమ్మీ ఆయనకంటే రెండేళ్ళు చిన్న. స్టీరింగ్ దగ్గర మామూ కొడుకు, అంటే నా మామూజాద్ తమ్ముడు. వెనక సీట్లో నేనూ అమ్మీ, మా మధ్య టిఫిన్ క్యారియర్లో బగారా ఖానా.

షార్ గేటు దాకా అందర్నీ పోనివ్వరు. పులికాట్ సరస్సు మధ్య నుంచి పోయే రోడ్డు మీద, జనంతో పాటే మేమూ ఓ పక్కన ఆగాం. రాకెట్ లేచింది. వెలుగు ముందు కనిపించింది, చప్పుడు తర్వాత వచ్చింది. అమ్మీ చేతులెత్తి దువా చేసింది. అందరం ఖుషీగా వెనక్కి తిరిగాం. నాలుగు కిలోమీటర్లు కూడా రాలేదు, హెరాల్డ్ బానెట్ సందుల్లోంచి ఆవిరి. అటూ ఇటూ ఉప్పునీళ్ళు, నెత్తిన ఎండ, ముందూ వెనకా ఆగిన బండ్లు. అమ్మీ బీపీ మాత్ర ఇంట్లో మర్చిపోయి వచ్చింది.

కారణం ఒక పంఖా. ఆ పంఖా గురించి తండ్రీ కొడుకులు మూడు నెలలుగా సరిగ్గా మాట్లాడుకోవడం లేదు. వాళ్ళ తగవు అర్థం కావాలంటే ముందు పంఖా తారీఖ్ కొంచెం తెలియాలి.

పెట్రోల్ మండితే పుట్టే శక్తిలో బండిని నడిపేది దాదాపు నాలుగో వంతే. ఇంకో మూడో వంతు దాకా ఇంజన్ చుట్టూ తిరిగే నీళ్ళలోకి పోతుంది, మిగతాది పొగతో బయటికి పోతుంది. నీళ్ళలో చేరిన ఆ వేడిని గాలికి అప్పగించకపోతే ఇంజన్ బతకదు. 1886లో కార్ల్ బెంజ్ చేసిన మూడు చక్రాల బండిలో అసలు రేడియేటరే లేదు. నీళ్ళు మరిగి ఆవిరైపోయేవి, దారిలో మళ్ళీ పోసుకోవాలి. 1901 నాటి 35 హార్స్ పవర్ మెర్సిడెస్‌కు విల్‌హెల్మ్ మేబాక్ తేనెపట్టు లాంటి రేడియేటర్ పెట్టాడు. అందులో సన్నటి నాలుగు పలకల గొట్టాలు 8,070. బండి మెల్లగా పోయేటప్పుడు గాలి చాలదు కాబట్టి దాని వెనక ఒక పంఖా పెట్టాడు. ఆ తర్వాత వచ్చిన కార్లలో చాలావరకు ఏదో రూపంలో ఆ దారినే నడిచాయి.

చల్లబరచడమనే ఇల్మ్ మన వైపు కొత్తది కాదు. వేసవిలో తలుపులకు ఖస్ తట్టీలు కట్టి నీళ్ళు చల్లేవాళ్ళు. తడి ఆరుతూ గాలిలోని వేడిని లాక్కునేది. బెంజ్ బండి బతికింది కూడా ఆ సూత్రం మీదే. అక్బర్ దర్బారులో శోరా, అంటే సురేకారం, కలిపిన నీళ్ళలో సురాహీని తిప్పి తాగే నీళ్ళు చల్లబరిచేవారని అబుల్ ఫజల్ 'ఆయినె అక్బరీ'లో రాశాడు. బారూద్‌లో మంట పుట్టించే పదార్థమే నీళ్ళను చల్లబరుస్తుందని ఆయన కూడా గమనించాడు. ఆ శోరాతోనే 17వ శతాబ్దంలో డచ్చివాళ్ళు ఈ పులికాట్ సరస్సు దక్షిణపు కొసలో, తమ గెల్డ్రియా కోట దగ్గర, తుపాకీ మందు తయారు చేశారు. ఉత్తరాన శ్రీహరికోటను రాకెట్ల కోసం ఎంచుకున్నది 1969లో. 1971 అక్టోబర్ 9న అక్కడి నుంచి మొదటి రోహిణి రాకెట్ లేచింది. 1980 జులై 18న అబ్దుల్ కలామ్ సాబ్ ప్రాజెక్ట్ డైరెక్టర్‌గా ఉన్న ఎస్‌ఎల్‌వీ-3 ఒక ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఒకే సరస్సు ఒడ్డున నిప్పు కథలు ఇన్ని ఉన్నాయి.

ఇక హెరాల్డ్. 1959లో బ్రిటన్‌లో ట్రయంఫ్ కంపెనీ దీన్ని తెచ్చింది. గీసినవాడు ఇటలీకి చెందిన జొవాన్నీ మికెలొట్టి. 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్ళు మన దేశంలో తయారు చేశారు. 948 సీసీ ఇంజన్. ముందు భాగం మొత్తం ఒకే మూతలా లేస్తుంది, పైకప్పు బోల్టులు విప్పితే ఊడి వస్తుంది. ఈ చాసిస్‌నే పొట్టి చేసి 1962లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు చేశారు. అలా చూస్తే మన హెరాల్డ్ స్పిట్‌ఫైర్‌కు సగా రిష్తేదారే. స్పోర్ట్స్ కారు కొనే స్తోమత లేని కుర్రాళ్ళు రెండు తలుపుల హెరాల్డ్‌ను బరువు తగ్గించి షోలవరం తీసుకెళ్ళేవారు.

షోలవరం సూళ్లూరుపేటకు దక్షిణంగా, మద్రాసు పోయే పాత జీఎన్‌టీ రోడ్డు పక్కన ఉంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే. 1953లో పుట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ అక్కడ రేసులు నడిపింది. 1990 వచ్చేసరికి రేసులు ఇరుంగాట్టుకోట్టైలో కట్టిన కొత్త ట్రాక్‌కు తరలాయి. మా మామూ పదమూడో ఏట మద్రాసులో ఒక ఉస్తాద్ దగ్గర శాగిర్ద్‌గా చేరాడు. నీళ్ళ డబ్బా మోసే పని మీద షోలవరం పోయాడు. అక్కడ నేర్చుకున్న మొదటి పాఠం ఇప్పటికీ చెబుతాడు: "రేసుకు ముందు ఉస్తాద్ పంఖా విప్పి పక్కన పెట్టేవాడు."

నాకది చాలా రోజులు అర్థం కాలేదు. వేడెక్కే ఇంజన్‌కు పంఖా ఎందుకు తీస్తారు? జవాబు లెక్కలో ఉంది. ఆ కాలపు పంఖా ఇంజన్‌తో పాటే తిరుగుతుంది. వేగం రెండింతలైతే పంఖా తినే శక్తి ఎనిమిదింతలు, నాలుగింతలైతే అరవై నాలుగింతలు. బండి దౌడు తీసేటప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌కు చాలు, పంఖా ఉత్త బరువు. బండి ఆగి ఉన్నప్పుడు, అంటే పంఖా నిజంగా కావాల్సినప్పుడు, ఇంజన్ మెల్లగా తిరుగుతుంది కాబట్టి పంఖా కూడా మెల్లగానే తిరుగుతుంది. అక్కర్లేనప్పుడు పరుగు, అక్కరున్నప్పుడు నిద్ర. కరెంటు పంఖా ఈ లోటును తీర్చింది. దానికి ఇంజన్ వేగంతో పని లేదు, నీళ్ళ వేడి చూసి తిరుగుతుంది, చల్లబడితే ఆగుతుంది. మన దేశంలో ఇంటింటికీ దాన్ని తెచ్చింది 1983 డిసెంబర్‌లో వచ్చిన మారుతి 800. అందులో ఇంజన్ అడ్డంగా ఉంటుంది, దాని ఇరుసు రేడియేటర్ వైపు చూడదు, కాబట్టి పంఖాకు వేరే మోటారు తప్పదు.

తండ్రీ కొడుకుల తగవు ఇక్కడ మొదలైంది. తమ్ముడు మద్రాసులో ఒక కార్ల సర్వీసు సెంటర్‌లో పని నేర్చుకుని వచ్చాడు. పాత పంఖా తీసి రేడియేటర్ వెనక కరెంటు పంఖా పెడదామన్నాడు. మామూ ఒప్పుకోలేదు. "అసల్ పోతే బండిలో ఇంకేం మిగులుతుంది?" అన్నాడు. మామూ మూడు రోజులు పెళ్ళికి కర్నూలు పోయినప్పుడు తమ్ముడు మార్చేశాడు. తిరిగొచ్చిన మామూ చూసి ఒక్క మాట కూడా అనలేదు. పాత పంఖాను గోనె సంచిలో చుట్టి తన మంచం కింద పెట్టుకున్నాడు. ఆ తర్వాత దుకాణంలో ఇద్దరి మధ్య పానా, స్క్రూడ్రైవర్ మాటలే.

రోడ్డు మీద ఆ మధ్యాహ్నం తమ్ముడు దిగి మూత మీద చెయ్యి వేయబోయాడు. మామూ అరిచాడు: "హాథ్ మత్ లగా!" ఆ అరుపులో కోపం కంటే భయం ఎక్కువ. రేడియేటర్ మూత నీళ్ళను ఒత్తిడిలో ఉంచుతుంది. ఒక్కో పౌండు ఒత్తిడికి నీళ్ళు మరిగే వేడి సుమారు 1.6 డిగ్రీలు పెరుగుతుంది. 7 పౌండ్ల మూత ఉంటే 111 డిగ్రీల దాకా మరగవు. మూత తీసిన క్షణంలో ఆ ఒత్తిడి పోయి మొత్తం ఒక్కసారిగా మరిగి మొహం మీదికి వస్తుంది. మామూ ఎడమ ముంజేతి మీద ఉన్న మచ్చ అలాంటిదే.

అమ్మీని పక్కన ఆగిన ఒక వ్యానువాళ్ళు పిలిచి ఏసీలో కూర్చోబెట్టుకున్నారు. మేం సబర్‌తో ముప్పావు గంట ఆగాం. ఆ సేపంతా మామూ ఒకే సంగతి గురించి తమ్ముణ్ణి మళ్ళీ మళ్ళీ అడిగాడు. "ఆగి ఉన్నప్పుడు ముల్లు ఎక్కడుంది?" "సగం పైన, అబ్బా." "కదిలాక?" "కదిలాకే ఎక్కింది." మామూ తల అడ్డంగా ఊపాడు. పంఖా చెడితే ఆగినప్పుడు వేడెక్కాలి, నడిస్తే చల్లబడాలి. ఇక్కడ ఉల్టా.

చల్లబడ్డాక, ఇంజన్ వేయకుండా పంఖా స్విచ్ ఒక్కటే వేయించాడు. జేబులోంచి దస్తీ తీసి ముందు జాలీ దగ్గర పట్టుకున్నాడు. వెనకున్న పంఖా గాలిని లోపలికి లాగితే దస్తీ జాలీకి అతుక్కోవాలి. అతుక్కోలేదు. మామూ గడ్డం వైపు ఎగిరింది.

పంఖా ఉల్టా తిరుగుతోంది. పాత బ్రిటిష్ పద్ధతి బండ్లలో బ్యాటరీ పాజిటివ్ కొసను బాడీకి కడతారు. ఇప్పటి బండ్లలో నెగటివ్‌ను కడతారు. తమ్ముడు చేతి అలవాటుతో ఇప్పటి పద్ధతిలోనే పంఖా తీగలు కలిపాడు. ఆ మోటారుకు తీగలు మారితే దిశ మారుతుంది. బండి కదలగానే ముందు నుంచి వచ్చే గాలినీ వెనక నుంచి వచ్చే పంఖా గాలినీ రేడియేటర్ దగ్గర ఢీకొట్టించాడు. ఇంటి నుంచి షెడ్డుకు తిప్పినంత కాలం ఎవరికీ తెలియలేదు. ఆ రోజు ఎండకూ పడమటి ఎదురుగాలికీ బయటపడింది.

తమ్ముడి మొహం వాడిపోయింది. "అబ్బా, నేను అడగాల్సింది" అన్నాడు. మామూ అవునని గానీ కాదని గానీ అనలేదు. రెండు తీగలూ మార్పించాడు. మళ్ళీ దస్తీ పట్టాడు. ఈసారి జాలీకి అతుక్కుని చెయ్యి వదిలినా పడలేదు. మామూ దాన్ని కాసేపు అలాగే చూసి, "గట్టిగానే లాగుతోంది" అన్నాడు. మూడు నెలల్లో తమ్ముడు విన్న మొదటి మంచి మాట అది. అసర్ వేళకు ఇల్లు చేరాం. ముల్లు సగం దాటలేదు.

ఆ తర్వాతి వారం ఇద్దరూ కలిసి పని సరిగ్గా చేశారు. ఇళ్ళల్లో పాత బండి ఉన్నవాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నా. పాత డైనమో ఇచ్చేది 20 ఆంపియర్లకు కాస్త అటూ ఇటూ, అదీ ఇంజన్ వేగంగా తిరిగితేనే. ఆగి ఉన్నప్పుడు దాదాపు ఏమీ ఇవ్వదు. పంఖా ఒక్కటే 10 ఆంపియర్ల దాకా తాగితే, జామ్‌లో బ్యాటరీయే ఖాళీ అవుతుంది. కాబట్టి ఆల్టర్నేటర్ పెట్టి, బండి మొత్తాన్నీ నెగటివ్ పద్ధతికి మార్చారు. పంఖాకు సొంత ఫ్యూజు, రిలే. మనిషి గుర్తుపెట్టుకుని వేయాల్సిన స్విచ్ బదులు నీళ్ళ వేడికి పనిచేసే స్విచ్. పంఖా చుట్టూ రేకు తొడుగు, లేకపోతే పంఖా ఎదురుగా ఉన్నంత మేరే చల్లబడి మూలలు వేడిగా ఉండిపోతాయి. మా సరస్సు పక్క బోరు నీళ్ళు ఉప్పన. అవి పోస్తే గొట్టాల్లో తుప్పు, పొలుసు. ఇక్కడ మంచు పడదు కదా అని కూలెంట్ మానేయకూడదు, అది తుప్పును ఆపుతుంది. ఇన్ని చేసినా బాడీకి ఒక్క కొత్త రంధ్రం వేయలేదు. అది మామూ షర్తు. అసల్ పంఖా ఎప్పుడు కావాలన్నా మళ్ళీ ఎక్కించవచ్చు.

చంద్రయాన్‌ను తీసుకెళ్ళిన రాకెట్ పై అంచెలోని ఇంజన్ కూడా ఇదే సమస్యతో బతుకుతుందని నేను మామూకి చెప్పాను. లోపల వేల డిగ్రీల మంట. దాని గోడల్లోని సన్నటి దారుల గుండా మైనస్ 253 డిగ్రీల ద్రవ హైడ్రోజన్‌ను పంపి చల్లబరుస్తారు. ఆ హైడ్రోజనే తర్వాత లోపలికి పోయి మండుతుంది. చల్లబరిచేదీ అదే, మండేదీ అదే. అబుల్ ఫజల్ శోరా గురించి రాసిన మాట గుర్తొచ్చింది. మామూ శ్రద్ధగా విని, "వాళ్ళు తీగలు ఎవరినైనా అడిగి కలుపుతారా?" అన్నాడు. ప్రతి తీగా ఒకరు కలిపితే ఇంకొకరు చూస్తారనీ, ప్రతిదీ రాసి పెట్టుకుంటారనీ చెప్పాను.

దానికి ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. మామూ ఉస్తాద్ ఏమీ రాయలేదు. మామూ కూడా రాయలేదు. ఆయనకు ఉర్దూ చదవడం వచ్చు, రాయడం అంతంత మాత్రం. మనవళ్ళకు ఉర్దూ హర్ఫులే రావు, బడిలో తెలుగు, ఇంగ్లీషు. "నువ్వు తెలుగులో రాయి, వాళ్ళు చదువుతారు" అన్నాడు చివరికి. ఇప్పుడు ప్రతి ఆదివారం ఆయన చెబుతాడు, తమ్ముడు మధ్యలో సరిదిద్దుతాడు, నేను రాస్తాను. మొదటి పేజీలో దస్తీ సంగతి రాశాను. గోనె సంచి ఇంకా మంచం కిందే ఉంది.