దామనపల్లి ఘాటీలో మా ముత్తాత కావిడి

మన్యంలో పుట్టిన మనందరి ఇళ్ళలోనూ ఒక పితూరీ కథ ఉంటుంది. "మా తాత అల్లూరి సీతారామరాజు గారి వెంట తిరిగాడు" అని చెప్పుకోని కుటుంబం చింతపల్లి, గూడెం, కొయ్యూరు వైపు అరుదు. మా ఇంట్లోనూ అదే మాట. మా నాయనమ్మ తండ్రి, అంటే మాకు ముత్తాత, పితూరీలో ఉన్నాడని వింటూ పెరిగాం. ఏ రోజు, ఎక్కడ, ఏం చేశాడు అని అడిగితే మాత్రం ఎవరి దగ్గరా జవాబు లేదు. ఈ సంచికకు చరిత్ర వ్యాసం రాయమని సంఘం పెద్దలు అడిగినప్పుడు, ఆ జవాబు పాత పత్రికల్లో వెతుకుదామని మేము, మా హాస్టల్లో పదో తరగతి పిల్లలు కొన్ని ఆదివారాలు కూర్చున్నాం.

ఆ రోజుల్లో మన ఏజెన్సీలో పత్రిక లేదు. మన వార్త బందరుకో మద్రాసుకో చేరి అక్కడ అచ్చయ్యేది. కృష్ణాపత్రిక 1902 నుంచి బందరులో వస్తోంది. ఆంధ్రపత్రిక 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలై, 1914 నుంచి మద్రాసులో దినపత్రిక అయింది. ఇంగ్లీషులో హిందూ ఉంది. తెలుగు పాత సంచికలు చాలావరకు ప్రెస్ అకాడమీ వారు స్కాన్ చేయించి ఆన్‌లైన్‌లో పెట్టారు. అయితే అవి ఫోటోల్లాంటివి. పేరు టైపు చేస్తే వెతికిపెట్టవు. తేదీ పట్టుకుని ఒక్కో పుట తిప్పుకోవాల్సిందే. మధ్యలో కొన్ని రోజుల సంచికలే ఉండవు. సిగ్నల్ కోసం మేము మేడ మీదికి ఎక్కిన సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

మొదట మేము చేసిన తప్పు, ముత్తాత పేరు కోసం వెతకడం. వార్తల్లో ఎక్కువభాగం ప్రభుత్వ ప్రకటనలే. ఇంతమంది పితూరీదారులు, ఇన్ని తుపాకులు అని లెక్క ఉంటుంది కానీ మనవాళ్ళ పేర్లు ఉండవు. గాం గంటందొర, గాం మల్లుదొర లాంటి నాయకులకే ఆ గౌరవం. (మల్లుదొర గారు 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యారు. కాబట్టి ఆయన కుటుంబంవాళ్ళు పేరుతో వెతుక్కోవచ్చు.) ఊర్ల పేర్లు కూడా మనం పలికినట్టు ఉండవు. ఇంగ్లీషు పత్రికల్లో విశాఖపట్నం 'వైజాగపటం'. ఇంట్లో పెద్దవాళ్ళు తెలుగు సంవత్సరం చెబితే కొట్టిపారేయకండి. దుందుభి అంటే 1922 ఉగాది నుంచి 1923 ఉగాది వరకు. తర్వాతది రుధిరోద్గారి, ఆ తర్వాత రక్తాక్షి. పితూరీ మొత్తం ఈ మూడు పేర్లలో ఉంది.

మా నాయనమ్మకు ఆ పేర్లు కూడా తెలియవు. తాను పాకే పిల్లగా ఉన్నప్పుడు జరిగిందని తన తల్లి చెప్పిన మాటను మాకు చెప్పేది: "గెడ్డలు పొంగుతున్నాయి, వలిసి పువ్వు ఇంకా రాలేదు. ముందు నడిసినోల్లని పోనిచ్చీసారు, దొరల్నే కొట్టీసారు. మా అయ్య కావిడి పారీసి పరిగెత్తీసాడు."

ఈ మాటలు నోటుపుస్తకంలో రాసుకుని తేదీల పక్కన పెట్టి చూశాం. చింతపల్లి స్టేషన్ మీద దాడి 1922 ఆగస్టు 22న, కృష్ణదేవిపేట 23న, రాజవొమ్మంగి 24న. వీటిలో ఎక్కడా దొరలు చావలేదు. ఇద్దరు దొరలు, స్కాట్ కవర్డ్, హైటర్, చనిపోయింది సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటీలో. వానలు తగ్గలేదు, వలిసెలు పూయలేదు. ముందు నడిచిన మనదేశపు పోలీసులను పోనిచ్చి, దొరలు రాగానే కాల్చారన్నది అందరికీ తెలిసిన కథే. నాయనమ్మ మాట అచ్చంగా అక్కడ కూర్చుంది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఒక అమ్మాయి మాత్రం కొట్టలేదు. "మేడమ్, సీతారామరాజు మనుషులు తుప్పల్లో దాక్కుని ఉన్నారు కదా. దారిలో కావిడి ఎవరు మోస్తారు?" అంది.

నిజమే. దారిలో కావిడితో నడిచినవాడు పోలీసుల సామాను మోసినవాడే అయ్యుండాలి. దొరలు ఏజెన్సీకి వస్తే ఇంటికొకడు వెట్టికి పోవాల్సిన రోజులవి. నర్సీపట్నం నుంచి చింతపల్లికి రోడ్డు వేయించిన గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కూలి సరిగా ఇవ్వకపోవడం కూడా పితూరీకి ఒక కారణం. ఆ కూలీల్లాంటివాడే మా ముత్తాత. ఇన్నాళ్ళూ తుపాకీ పట్టాడనుకున్నాం, ఆయన భుజం మీద ఉన్నది దొరల పెట్టె. పత్రికలో ఆయన పేరు లేదు, కూలీల ప్రస్తావనే మాకు కనబడలేదు. కాబట్టి ఇది రుజువు కాదు. నాయనమ్మ మాటను తేదీ పక్కన పెడితే తేలిన ఊహ. కానీ బలమైన ఊహ.

"అయితే మీ తాత మనవైపు కాదా మేడమ్?" అని ఇంకో పిల్ల అడిగింది. బీఎడ్‌లో ఇలాంటి ప్రశ్నకు జవాబు నేర్పలేదు. కావిడి పారేసి పరిగెత్తాడు, మళ్ళీ మోయడానికి వెళ్ళినట్టు ఇంట్లో ఎవరూ చెప్పలేదు అని మాత్రం అన్నాం.

ఇది రాసే ముందు ఊరెళ్ళి మా పెదనాన్నకు చెప్పాం. డెబ్బై దాటిన మనిషి. మొదట కోపం వచ్చింది. "ఇన్నాళ్ళూ పితూరీవాళ్ళ ఇల్లని పేరు. ఇప్పుడు కూలోడని పుస్తకంలో రాస్తావా? రాయకు" అన్నాడు. మేము ఎదురు చెప్పలేదు, రాయమనీ ఒప్పుకోలేదు. రాత్రి అన్నాలు తిన్నాక అరుగు మీద చాలాసేపు చుట్ట కాల్చుకుంటూ కూర్చుని, తనే పిలిచాడు.

"ఆ పేపర్లో, మోసినోళ్ళకి కూలెంత ఇచ్చారో రాసుందా?"

"లేదు పెదనాన్నా."

"అయితే అదీ వెతుకు" అన్నాడు.