క్లినిక్: మంచం పక్కన పుట్టిన మాట

మార్కాపురం, గిద్దలూరు వీధుల్లో బోర్డుల మీద కనిపించే ‘క్లినిక్’కు మూలం గ్రీకు ‘క్లీనే’, అంటే మంచం. మంచాన ఉన్న రోగిని వెళ్లి చూసే వైద్యుడు ‘క్లినికోస్’. జబ్బుపడ్డవాణ్ణి మనమూ ‘మంచం పట్టాడు’ అనే అంటాం.

అమెరికాలో మెడిసిన్ సీటు కోరేవాళ్లు రోగుల దగ్గర గడిపిన గంటలను ‘క్లినికల్’ అనుభవంగా దరఖాస్తులో చూపిస్తారు. మన దగ్గర 720 మార్కుల నీట్‌దే లెక్క. ‘క్లినికల్’ అన్న మాట సీటు వచ్చాకే చెవిన పడుతుంది. 2019లో మారిన ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళిక మొదటి ఏడాదిలోనే రోగిని చూపించమంది. ఆఖర్న ఏడాది హౌస్ సర్జన్సీ ఎలాగూ ఉంది.

అయినా అది ఆలస్యమే అనిపిస్తుంది నాకు. ఫ్లోరైడ్ నీళ్లకు పళ్లు గారపట్టి, నడుములు వంగిన మనుషుల మధ్య పెరిగిన పశ్చిమ ప్రకాశం పిల్లకు రోగి కొత్త కాదు. అవ్వను బస్సులో ఒంగోలు రిమ్స్‌కు తీసుకెళ్లి, ఓపీ చీటీ రాయించి, మంచం పక్కన కూర్చుని వేళకు మాత్రలు వేసిందంటే, ఆ మాటకున్న తొలి అర్థంలో అదే క్లినికల్ అనుభవం. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర చేరి సూదులు వేయడం నేర్చుకోవడం మాత్రం కాదు. అర్హత లేని చేతిలో సూది రోగికి ప్రమాదం.