సేవాపన్ను అప్పీళ్లలో ముందస్తు డిపాజిట్: విచక్షణ నుండి స్థిర శాతం వరకు

ప్రస్తావన

పన్ను అధికారి ఉత్తర్వు తప్పని వాదించదలచిన వ్యక్తి, ఆ వాదన వినిపించడానికి ముందే వివాదంలో ఉన్న సొమ్మును చెల్లించవలసి ఉంటుందా? సేవాపన్ను అమలులో ఉన్న 1994–2017 మధ్యకాలంలో ఈ ప్రశ్నకు చట్టం రెండు భిన్నమైన సమాధానాలు ఇచ్చింది. మొదటిది అప్పీలుదారు పరిస్థితిని తూచే విచక్షణ. రెండవది అందరికీ ఒకే శాతం. ఈ మార్పులో కలిగిన లాభనష్టాలను పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

చట్ట నేపథ్యం

1994 జూలై 1న టెలిఫోన్, సాధారణ బీమా, స్టాక్ బ్రోకర్ల సేవలపై 5 శాతం రేటుతో సేవాపన్ను మొదలైంది. దీనికి ప్రత్యేక చట్టం లేదు. 1994 ఆర్థిక చట్టంలోని ఐదవ అధ్యాయమే ఆధారం. ఆ చట్టంలోని 83వ సెక్షన్ ద్వారా 1944 కేంద్ర ఎక్సైజ్ చట్టంలోని 35ఎఫ్ సెక్షన్ సేవాపన్నుకూ వర్తించింది. దాని ప్రకారం అప్పీలుదారు డిమాండు చేసిన పన్నును, విధించిన జరిమానాను పూర్తిగా జమచేయాలి. అయితే ఆ జమ వల్ల అనుచితమైన కష్టం కలుగుతుందని అప్పీలు అధికారి భావిస్తే, ప్రభుత్వ రాబడికి రక్షణ కల్పించే షరతులతో మినహాయింపు ఇవ్వవచ్చు.

న్యాయస్థానాల దృష్టి

అప్పీలు హక్కు చట్టం ప్రసాదించినదే కనుక దానికి షరతులు విధించవచ్చునని విజయ్ ప్రకాశ్ మెహతా కేసులో (1988) సుప్రీంకోర్టు చెప్పింది. బెనారా వాల్వ్స్ కేసులో (2006) మినహాయింపుకు రెండు కొలమానాలను వివరించింది: అప్పీలుదారుకు కలిగే అనుచిత కష్టం, రాబడి రక్షణ. కష్టముందని కేవలం చెప్పుకుంటే చాలదు, దానిని నిరూపించాలి.

ఆచరణలో ప్రతి అప్పీలుకూ ముందు ఒక స్టే దరఖాస్తు, దానిపై విచారణ తప్పనిసరి అయ్యాయి. కేసు బలం, ఆర్థిక స్థితి రెండూ అక్కడే ప్రాథమికంగా చర్చకు వచ్చేవి. అసలు అప్పీలు వెనుకబడేది. స్టేకు కాలపరిమితి విధించడంతో దాని పొడిగింపు కోసం మళ్లీ దరఖాస్తులు వచ్చేవి.

2014 సవరణ

2014 ఆగస్టు 6 నుండి 35ఎఫ్ స్వరూపం మారింది. మొదటి అప్పీలుకు వివాదాస్పద పన్నులో 7.5 శాతం, ట్రైబ్యునల్ వద్ద రెండవ అప్పీలుకు 10 శాతం జమచేయాలి. గరిష్ఠ పరిమితి 10 కోట్ల రూపాయలు. జరిమానా మాత్రమే వివాదంలో ఉంటే అదే శాతం జరిమానాపై లెక్కిస్తారు. మినహాయింపు ఇచ్చే అధికారం తొలగిపోయింది.

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. కోటి రూపాయల పన్ను, అంతే జరిమానా విధించారనుకుంటే, పాత నిబంధన ప్రకారం మినహాయింపు లభించనిచో రెండు కోట్లు జమచేయాలి. కొత్త నిబంధన ప్రకారం మొదటి అప్పీలుకు 7.5 లక్షలు చాలు. మిగిలిన మొత్తానికి బలవంతపు వసూలు చర్యలు చేపట్టరాదని 2014 సెప్టెంబరు 16 నాటి కేంద్ర ఎక్సైజ్, కస్టమ్స్ బోర్డు సర్క్యులర్ స్పష్టం చేసింది. అప్పీలు గెలిస్తే జమచేసిన సొమ్ము వడ్డీతో తిరిగి వస్తుంది. అధిక సంఖ్యాకులకు ఇది నిస్సందేహంగా మేలు.

కాని మూతపడిన సంస్థకో, బిల్లులు అందని చిన్న గుత్తేదారుకో ఆ 7.5 లక్షలే అలవికానివి కావచ్చు. ఉత్తర్వు పైకే చెల్లనిదైనా, పూర్వం స్టే దశలోనే ఆ మాట చెప్పుకునే వీలుండేది. ఇప్పుడు బలమైన కేసుకూ బలహీనమైన కేసుకూ ప్రవేశ రుసుము ఒక్కటే.

పాత వివాదాలు, కొత్త షరతు

సవరణ నాటికే పెండింగులో ఉన్న అప్పీళ్లను, స్టే దరఖాస్తులను చట్టం మినహాయించింది. మరి షోకాజ్ నోటీసు ముందే వచ్చి, అప్పీలు తర్వాత దాఖలైతే? ఇక్కడ రెండు పాత తీర్పులు చర్చకు వస్తాయి. హుస్సేన్ కాసం దాదా కేసులో (1953) మధ్యప్రాంతాల అమ్మకపు పన్ను వివాదం మొదలయ్యాక తెచ్చిన డిపాజిట్ షరతు ఆ వివాదానికి వర్తించదని సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. బాపట్ల సబ్‌కోర్టులో 1949లో దాఖలైన దావా నుండి పుట్టిన గరికపాటి వీరయ్య కేసులో (1957), అప్పీలు హక్కు దావా వేసిన నాడే సంక్రమిస్తుందని, శాసనకర్తలు స్పష్టంగా గాని, తప్పనిసరి సూచనతో గాని తొలగిస్తేనే అది పోతుందని ధర్మాసనం అధిక సంఖ్యాక తీర్పులో ప్రకటించింది.

ఈ మినహాయింపు వాక్యాన్నే అలహాబాద్ హైకోర్టు గణేశ్ యాదవ్ కేసులో (2015) ఆధారం చేసుకుంది. పెండింగు అప్పీళ్లను మాత్రమే తప్పించారంటే, తర్వాతి అప్పీళ్లన్నిటికీ కొత్త షరతు వర్తింపజేయడమే శాసన ఉద్దేశమని నిర్ణయించింది. అయినా తగిన సందర్భంలో రాజ్యాంగంలోని 226వ అధికరణం కింద హైకోర్టు జోక్యం చేసుకోవచ్చునని గుర్తించింది. ఢిల్లీ హైకోర్టు పయనీర్ కార్పొరేషన్ కేసులో (2016) అటువంటి జోక్యం అరుదైన, అర్హమైన కేసులకే పరిమితమని పేర్కొన్నది.

ముగింపు

2014 సవరణ విచక్షణను నిర్మూలించలేదు; దానిని ట్రైబ్యునల్ నుండి హైకోర్టుకు తరలించింది. డిపాజిట్టుకే సొమ్ము లేనివాడు ఇప్పుడు రిట్ పిటిషన్ ఖర్చు భరించి ఆ విచక్షణను వెతుక్కోవలసి వస్తున్నది. సేవాపన్నును కలుపుకొన్న జీఎస్టీలోనూ స్థిర శాతం పద్ధతే కొనసాగుతున్నది. ట్రైబ్యునల్ అప్పీలుకు నిర్దేశించిన 20 శాతాన్ని 2024లో 10కి తగ్గించినా, నిరుపేద అప్పీలుదారుకు చట్టంలోనే ఒక మార్గం చూపే నిబంధన తిరిగి రాలేదు. శాతాన్ని తగ్గించడం ఒక సంస్కరణ. చెల్లించలేనివాని మాట వినే చోటును పునరుద్ధరించడం వేరొక సంస్కరణ. మొదటిది రెండవదానికి ప్రత్యామ్నాయం కాజాలదు.